ఫిద్లా, ఫిడిల్: ఐస్‌లాండ్‌లో, ఐర్లండ్‌లో ఒక వాద్యం పేరు

ఐస్‌లాండిక్ భాషలో వయొలిన్‌ను ‘ఫిద్లా’ అంటారు. ఐరిష్‌లో ‘ఫిడిల్’ అంటారు. రెండింటి మూలం ఒక్కటే, రెండూ ఆయా భాషల్లోకి బయటి నుంచి వచ్చినవే. అయినా అవి వచ్చిన కాలం వేరు, దారి వేరు, వచ్చాక పొందిన ఆదరణ వేరు. ఐస్‌లాండిక్ మాట ఎంత పాతదంటే, పరభాషా పదాలను గడప దాటనివ్వదని పేరు పడ్డ ఆ భాషలో అది సొంత మాటగానే చెలామణి అవుతోంది. ఐర్లండ్‌లో మాత్రం ఇదే పదం ఒకసారి మధ్యయుగంలో కనిపించి, తరవాత ఇంగ్లిష్ గుమ్మం మీదుగా కొత్త ఉచ్చారణతో మళ్లీ అడుగుపెట్టినట్టు ఆధారాలు చెబుతున్నాయి. ఈ తేడాను పట్టిచ్చేది చరిత్ర గ్రంథాలకన్నా ముందు ఆ మాట మధ్యలో ఉన్న ఒక్క హల్లు.

మూలం సంగతి కొంత చిక్కుగా ఉంటుంది. 9వ శతాబ్దంలో వైసెన్‌బుర్గ్ మఠానికి చెందిన ఓట్‌ఫ్రిడ్ అనే సన్యాసి ప్రాచీన జర్మన్‌లో రాసిన క్రీస్తు చరిత్ర కావ్యంలో స్వర్గంలోని సంగీతాన్ని వర్ణిస్తూ ‘ఫిదులా’ అనే వాద్యం పేరు చెప్పాడు. పాత ఇంగ్లిష్‌లో ఆ వాద్యం వాయించేవాడి పేరుగా ‘ఫిదెలెరె’ దొరుకుతుంది. వైకింగుల కాలపు స్కాండినేవియా భాష, ఐస్‌లాండిక్‌కు తల్లి అయిన ప్రాచీన నోర్స్‌లో ‘ఫిద్లా’ ఉంది. మధ్యయుగ లాటిన్‌లోని ‘విటులా’ నుంచి ఇవన్నీ పుట్టాయని పండితుల్లో ఎక్కువమంది మాట. ఆ లాటిన్ మాటే ఫ్రాన్స్ దక్షిణ ప్రాంతపు భాషలో ‘వియులా’గా, ఇటలీలో ‘వియోలా’గా మారి, దానికి చిన్నతనాన్ని సూచించే ప్రత్యయం చేరి ‘వియోలినో’ అయింది. అంటే ఫిడేలు, వయొలిన్ అనేవి అర్థంలోనే కాక పుట్టుకలో కూడా దాయాదులు కావచ్చు. విటులా మాటను రోమన్ల విజయోత్సాహ దేవత పేరుతో ముడిపెట్టేవారూ ఉన్నారు; కాదు, జర్మానిక్ మాటే, అంటే జర్మన్, ఇంగ్లిష్, నోర్స్ భాషల కుటుంబానికి చెందిన మాటే, లాటిన్‌లోకి వెళ్లిందనేవారూ ఉన్నారు. ఈ వ్యాసానికి ఆ తగాదా తేలనక్కర లేదు. రెండు ద్వీపాలకూ చేరేనాటికి ఈ మాట జర్మానిక్ రూపంలోనే ఉందన్నంతవరకు గుర్తుంచుకుంటే చాలు.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. తీగల మీద కమాను ఆడించి వాయించే పద్ధతి పడమటి ఐరోపాకు సుమారు 10, 11 శతాబ్దాల్లో అటు బైజాంటియం నుంచి, ఇటు ముస్లిం పాలనలోని స్పెయిన్ నుంచి చేరింది. కాబట్టి ఓట్‌ఫ్రిడ్ చెప్పిన ఫిదులా చాలావరకు మీటి వాయించే వాద్యమే అయి ఉండాలి. మనం ఇవాళ వయొలిన్ అంటున్న నాలుగు తీగల వాద్యం ఉత్తర ఇటలీలో 16వ శతాబ్దంలో రూపు దిద్దుకుంది. రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడనే నానుడి ఈ లెక్కన పదిహేను వందల ఏళ్ల ముందుకు దూకింది. పేరు ముందు, వస్తువు తరవాత. ఒకే పేరు కింద వస్తువు మారిపోవడం ఈ కథలో మొదటి నుంచీ జరుగుతున్నదే.

ఇక ఆ హల్లు. ఇంగ్లిష్‌లో ‘మదర్’, ‘దిస్’ అనేటప్పుడు నాలుక కొనను పళ్లకు ఆనించీ ఆనించకుండా గాలిని ఒరుసుకుంటూ పోనిచ్చే ధ్వని ఉంది. తెలుగులో దానికి అక్షరం లేదు, ద అని రాసి సరిపెట్టుకుంటాం. శ, ష, స, హల మాదిరిగా గాలి ఆగకుండా పలికేది కనుక ఇక్కడ దాన్ని ఊష్మ దకారం అందాం. పాత ఇంగ్లిష్ రూపంలోనూ నోర్స్ రూపంలోనూ మధ్యలో ఉన్నది ఈ ధ్వనే. తరవాతి కాలంలో ఒక్కొక్క భాష దీన్ని ఒక్కొక్క రకంగా చూసింది. ఇంగ్లిష్ కొన్ని మాటల్లో దీన్ని గట్టి డకారంగా మార్చుకుంది. ‘మర్దర్’ అనే పాత రూపం ‘మర్డర్’ అయినట్టే, 14వ శతాబ్దం చివర ఇంగ్లిష్ కవి చాసర్ ఊష్మంతో రాసిన మాట తరవాత ‘ఫిడిల్’ అయింది. నార్వేలో ఆ ధ్వని పూర్తిగా జారిపోయి, మాట ‘ఫేలె’గా మిగిలింది, ఆ దేశపు ప్రసిద్ధ జానపద వాద్యం హార్డాంగర్ ఫేలె పేరులో ఉన్నది అదే. ఐస్‌లాండిక్ మాత్రం దాన్ని అలాగే ఉంచేసింది. ఆ భాషకు ఆ ధ్వని ఇవాళ్టికీ నిత్యవ్యవహారంలో ఉంది, దానికంటూ ‘ఎద్’ అనే ప్రత్యేక అక్షరమూ ఉంది. అయితే ఆ అక్షరాన్ని చూసి అంతా అఖండ సంప్రదాయం అనుకోకూడదు. 14వ శతాబ్దం నుంచి ఐస్‌లాండ్ లేఖకులు దాన్ని వదిలేసి మామూలు ‘డి’ అక్షరాన్నే వాడుతూ వచ్చారు. 19వ శతాబ్దంలో డేనిష్ భాషావేత్త రాస్ముస్ రాస్క్ చొరవతో అది రాతలోకి తిరిగి వచ్చింది. కొన్ని వందల ఏళ్లు రాత ఒకటి, పలుకుబడి ఒకటి. మాటను కాపాడింది నోరే.

ప్రాచీన నోర్స్ సాహిత్యంలో ఈ మాట ఉన్న చోటు కూడా ఆసక్తికరమైనదే. 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోరి స్టుర్లుసోన్, హుగ్లేక్ అనే పురాతన స్వీడన్ రాజును గురించి చెబుతూ, అతడు యుద్ధప్రియుడు కాడని, కొలువులో హార్ప్ వాయించేవాళ్లను, గీగ్యా వాయించేవాళ్లను, ఫిద్లా వాయించేవాళ్లను, ఇంకా రకరకాల వినోదగాళ్లను పోషించాడని రాశాడు. ఆ వాక్యంలో మెచ్చుకోలు కన్నా ఎత్తిపొడుపే ఎక్కువ. శత్రువు దండెత్తి వచ్చినప్పుడు ఆ రాజు ఓడి చనిపోతాడు. గీగ్యా, ఫిద్లా అని వేరువేరుగా చెప్పడాన్ని బట్టి ఆ కాలపు వినికిడిలో ఇవి రెండు వాద్యాలని తెలుస్తుంది. గీగ్యా కూడా అరువు మాటే. జర్మన్‌లో వయొలిన్‌కు ఇప్పటికీ ఉన్న ‘గైగె’ అనే పేరు దాని బంధువు. ఐస్‌లాండిక్‌లో గీగ్యా క్రమంగా కవిత్వ భాషకు పరిమితమై, వ్యవహారం ఫిద్లాకు దక్కింది.

ఐస్‌లాండ్‌లో ఆ పేరును ఏ వస్తువు మోసిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 18, 19 శతాబ్దాల నాటి ఫిద్లాకు వయొలిన్ పోలిక ఏ కోశానా లేదు. అదొక పొడవాటి చెక్క పెట్టె. ఒక కొస వెడల్పు, మరో కొస సన్నం. మెడ లేదు, వేళ్లు నొక్కడానికి పట్టె లేదు. రెండే తీగలు, తొలి రోజుల్లో గుర్రపు వెంట్రుకలతో, తరవాత ఇత్తడితో. భుజానికి ఆనించేది కాదు, బల్ల మీదో ఒడిలోనో పెట్టుకుని కమానుతో వాయించేవారు. దీనికి తోడు లాంగ్‌స్పిల్ అనే మరో పెట్టె వాద్యం ఉండేది. దానికి మెట్లుంటాయి, ఒక తీగ మీద పాట నడుస్తుంటే మిగిలినవి శ్రుతి పలుకుతాయి. లాంగ్‌స్పిల్ నేర్చుకోవడానికి 1855లో ఒక పాఠ్యపుస్తకమే అచ్చయింది. ఫిద్లాకు ఆ భాగ్యం కలగలేదు. 19వ శతాబ్దం చివరికి అది దాదాపుగా కనుమరుగైంది. సిగ్లుఫ్యోర్దుర్ ఊరి మతాచార్యుడు బ్యార్ని థోర్‌స్టెయిన్‌సన్ 1906–1909 మధ్య ప్రచురించిన జానపద గీతాల బృహత్ సంకలనంలో ఈ రెండు వాద్యాల గురించీ రాయకపోతే చాలా వివరాలు దక్కేవి కావు.

పెట్టె పోయింది, పేరు పోలేదు. విదేశాల నుంచి వయొలిన్ ఇళ్లలోకి, ఆ తరవాత కచేరీ వేదికల మీదికి వచ్చినప్పుడు ఐస్‌లాండర్లు కొత్త మాట కోసం వెతుక్కోలేదు. చేతిలో ఉన్న పాత పేరునే దానికి తొడిగారు. పొరుగున ఉన్న స్వీడన్ ‘ఫియోల్’ అని, డెన్మార్క్ ‘వియోలిన్’ అని తరవాతి అరువులతో సర్దుకోగా, ఇక్కడ మధ్యయుగపు మాట ఆధునిక ఆర్కెస్ట్రాలో చోటు సంపాదించింది. అంతటితో ఆగకుండా కొత్త మాటలకు ఊడలు వేసింది. వియోలాకు ‘లౌగ్‌ఫిద్లా’, అంటే మంద్రపు ఫిద్లా. చెల్లోకు ‘క్న్యేఫిద్లా’, అంటే మోకాళ్ల మధ్య ఉంచుకునే ఫిద్లా. అయితే నిఘంటువు చెప్పేదంతా జనం నోట వినిపించదు. వియోలా, సెల్లో అనే అంతర్జాతీయ రూపాలూ వాడుకలో ఉన్నాయి. పియానోకు ‘స్లాగ్‌హార్పా’ అనే చక్కని దేశీయ సమాసం ఉన్నా పియానో అనేవారే ఎక్కువ. పరభాషా పదాలు వద్దనే శుద్ధివాదులు గెలిచిన చోట్ల గెలిచారు, వాద్యాల పేర్ల దగ్గర సగంలోనే ఆగారు.

ఐస్‌లాండిక్ స్వచ్ఛత గురించి బయట ప్రచారంలో ఉన్న అభిప్రాయాన్ని ఇక్కడ కాస్త సరిచేయవలసి ఉంటుంది. టెలిఫోన్‌కు ‘సీమి’ అని, కంప్యూటర్‌కు ‘తోల్వా’ అని సొంత మాటలు కల్పించుకున్న భాష అది, నిజమే. కాని చర్చిని సూచించే ‘కిర్క్యా’, మతగురువును సూచించే ‘ప్రెస్తుర్’, బిషప్‌ను సూచించే ‘బిస్కుప్’ అన్నీ గ్రీకు, లాటిన్ల నుంచి ఇతర భాషల మీదుగా క్రైస్తవంతో పాటు దిగినవే. శుద్ధివాదం బలం పుంజుకున్నది 18, 19 శతాబ్దాల్లో. అప్పటికే వందల ఏళ్లుగా విభక్తులు తొడుక్కుని తిరుగుతున్న మాటలను ఎవరూ పరాయివిగా చూడలేదు. ఫిద్లా కూడా ఆ కోవలోదే. ‘సాగా’ అనే మాట ఏ వరసలో నడుస్తుందో ఇదీ ఆ వరసలోనే నడుస్తుంది: కర్తగా ఫిద్లా, ఇతర విభక్తుల్లో ఫిద్లు, బహువచనంలో ఫిద్లుర్, ‘ఆ ఫిద్లా’ అని నిర్దేశించి చెప్పాలంటే ఫిద్లాన్. దాని తల మీద అరువు అనే ముద్ర ఎక్కడా కనబడదు. ఒక భాషలో మాట స్వదేశీయమా విదేశీయమా అన్నది చాలాసార్లు పుట్టుకను బట్టి కాక, వచ్చి ఎన్నాళ్లయిందన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఐర్లండ్ వైపు కథ ఇంత సాఫీగా లేదు. 12వ శతాబ్దంలో కూర్చిన లైన్‌స్టర్ గ్రంథంలో కర్మన్ అనే చోట జరిగే జాతరను వర్ణించే పద్యం ఒకటి ఉంది. జాతరకు వచ్చిన వినోదాల జాబితాలో గొట్టపు వాద్యాల పక్కనే ‘ఫిద్లి’ అని బహువచనంలో ఈ మాట ఉంది. డబ్లిన్ నగరంలో క్రైస్ట్‌చర్చ్ ప్లేస్ దగ్గర జరిగిన తవ్వకాల్లో 11వ శతాబ్దపు మధ్యకాలానికి చెందిన ఒక చెక్క కమాను బయటపడింది. దాని కొసను స్కాండినేవియన్ శైలిలో జంతువు తలగా చెక్కారు. ఐరోపాలో ఇప్పటివరకు దొరికిన అతి ప్రాచీనమైన కమానుల్లో అది ఒకటి. డబ్లిన్ అప్పటికి నోర్స్ జనం నివాసం. 841లో వైకింగులు అక్కడ స్థావరం వేసుకున్నారు. ఈ రెండు ఆధారాలను పక్కపక్కన పెట్టగానే నోర్స్ ఫిద్లాయే ఐరిష్‌లోకి దిగిందని తేల్చేయాలనిపిస్తుంది. అది తొందరపాటు. కమాను మీద పేరు రాసి లేదు. పాత ఇంగ్లిష్ నుంచి వచ్చినా ఆ కాలంలో మాట ఇదే రూపంలో ఉండేది. ఐరిష్‌లోకి నోర్స్ మాటలు దండిగానే వచ్చాయి: కిటికీని సూచించే ‘ఫిన్యోగ్’, అంగడిని సూచించే ‘మరగ’ అలాంటివే. ఇందులో రెండోది మనకు చాలా పనికొస్తుంది.

మరగ అనే మాటను ఐరిష్‌లో రాసేటప్పుడు చివర ‘డి’, ‘హెచ్’ అక్షరాల జంట ఉంటుంది. నోర్స్ రూపం ‘మర్కద్ర్’లోని ఊష్మ దకారానికి ఆనవాలు అది. ఐరిష్ భాషలోనూ ఒకప్పుడు ఆ ధ్వని ఉండేది. సుమారు 13వ శతాబ్దం నాటికి అది గొంతులో ఒరుసుకునే గకారంలో కలిసిపోయి, ఆ తరవాత చాలా స్థానాల్లో పూర్తిగా మాయమైంది. రాతలో అక్షరాలు మిగిలాయి, పలుకులో శూన్యం మిగిలింది. ఇప్పుడు ఆ సూత్రాన్ని మన మాటకు పెట్టి చూడాలి. లైన్‌స్టర్ గ్రంథపు రాతపద్ధతిలో అచ్చు తరవాతి ‘డి’ సాధారణంగా ఊష్మాన్నే సూచిస్తుంది. అదే మాట నోటి నుంచి నోటికి తెగకుండా వచ్చి ఉంటే ఇవాళ దాని నడుమ హల్లు వినిపించకూడదు. స్కాట్లండ్‌లోని గేలిక్ భాషలో సరిగ్గా అదే జరిగింది. అక్కడ వాద్యం పేరు మధ్యలో ‘డి’, ‘హెచ్’ జంటతో రాస్తారు, ‘ఫీయల్’ అని పలుకుతారు. ఐరిష్, స్కాటిష్ గేలిక్ ఒకే తల్లి బిడ్డలు; పాత అరువు అక్కడ పండి, ఆకారం మార్చుకుని నిలిచింది.

ఐరిష్ ఫిడిల్‌లో ఉన్నది గట్టి డకారం. కనుక ఇది ఇంగ్లిష్ తన ఊష్మాన్ని డకారంగా మార్చుకున్న తరవాత, ఇంగ్లిష్ రూపాన్ని విని తిరిగి పట్టుకున్న మాట అనుకోవడమే సమంజసం. వెల్ష్ భాష సాక్ష్యం కూడా దీనికి తోడు నిలుస్తుంది. వెల్ష్‌లో ఊష్మ దకారం నేటికీ సజీవంగా ఉంది, రెండు ‘డి’లు రాసి దాన్ని చూపుతారు, అయినా అక్కడి వాద్యం పేరు ఒకే ‘డి’తో ‘ఫిడిల్’. ఊష్మాన్ని సునాయాసంగా పలకగలిగిన భాష కూడా గట్టి డకారంతో తీసుకుందంటే, అరువిచ్చిన ఇంగ్లిష్‌లోనే అప్పటికి మార్పు జరిగిపోయిందని అర్థం.

ఆలస్యంగా వచ్చినా ఐరిష్‌లో ఈ మాట అతిథిలా కూర్చోలేదు. పద్యాల్లో ‘వాడు పోయె’ అన్నది ‘వాడు వోయె’ అయ్యే గసడదవాదేశం తెలుగు పాఠకులకు తెలిసినదే. ఐరిష్‌లో ఇలా మాట మొదటి హల్లు మారడం పద్యాలకు పరిమితం కాదు, రోజువారీ వ్యాకరణమే దాని మీద నడుస్తుంది. ఫిడిల్ స్త్రీలింగ పదం. దాని ముందు ‘అన్’ అనే నిర్దేశక పదం చేరితే మొదటి ఫకారం మెత్తబడుతుంది. ఐరిష్‌లో ఫకారం మెత్తబడటమంటే వినిపించకుండా పోవడమే కనుక అది ‘అన్ ఇడిల్’ అవుతుంది. ‘ఫిడేలు మీద’ అనాలంటే అదే ఫకారం చాలా మాండలికాల్లో వకారమై ‘ఎర్ అ విడిల్’ లాగా వినిపిస్తుంది. షష్ఠిలో మళ్లీ ఫకారం తిరిగొచ్చి, చివర మారి ‘నా ఫిడ్లె’. దీనికి మాండలిక భేదాలు అదనం: దేశానికి ఉత్తరాన, పడమటన ఆ డకారం జకారానికి దగ్గరగా పలుకుతుంది. ఫ, శూన్యం, వ అని మూడు వేషాలు వేసే ఈ మాటను విని, దాన్ని ఇంగ్లిష్ ఫిడిల్ అని పోల్చుకోవడం కొత్తవారికి అంత సులువు కాదు.

దీని పక్కనే ఐరిష్‌లో ‘వైలీన్’ అనే మరో మాట ఉంది. ఇంగ్లిష్ వయొలిన్ నుంచి వచ్చింది. దాన్ని ‘వి’ అక్షరంతో మొదలుపెట్టి రాస్తారు. ఆ అక్షరం ఐరిష్‌కు సొంతం కాదు, అరువు మాటలకే వాడతారు. సొంత మాటల్లో వకార ధ్వని ‘బి’, ‘హెచ్’ లేదా ‘ఎమ్’, ‘హెచ్’ జంటలతో రాస్తారు. ఆదిహల్లు మార్పులేవీ ఆ ‘వి’ని తాకవు. పల్లె సంగీతానికి ఫిడిల్, కచేరీ సంగీతానికి వైలీన్ అన్న తేడా ఇంగ్లిష్ వాడుకను అనుసరించి ఏర్పడింది. అందులో ఫిడిల్ పక్షానే బరువు ఎక్కువ. డోనెగల్ ప్రాంతంలో ఊరూరా తిరిగే తగరపు పనివాళ్లు రేకుతో ఫిడేళ్లు చేసి అమ్మేవారు, వాళ్లలో కొందరు గొప్ప వాదకులు కూడా. స్లైగో నుంచి న్యూయార్క్ వెళ్లి స్థిరపడ్డ మైకల్ కోల్‌మన్ (1891–1945) 1920లలో ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు సముద్రం దాటి వెనక్కి వచ్చి, ఐర్లండ్‌లోని వాదకుల శైలినే మార్చేశాయి. ఆ సంప్రదాయంలో పెరిగినవారికి చేతిలోని వాద్యం ఫిడిల్ తప్ప మరొకటి కాదు, అది ఏ కర్మాగారంలో తయారైన మామూలు వయొలిన్ అయినా సరే.

తెలుగు ఫిడేలు ఈ కుటుంబంలోనిదే. అదీ ఐరిష్ మాటలాగే ఇంగ్లిష్‌లో డకారం గట్టిపడ్డాక తీసుకున్న రూపం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసు ప్రాంతంలో యూరోపియన్ వాదకుల దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన వాద్యంతో పాటు ఈ పేరూ దక్షిణాదిన వ్యాపించింది. కాని ఇంగ్లిష్‌లో, ఐరిష్‌లో ఉన్న పల్లె, పట్నం తేడా తెలుగులోకి దిగుమతి కాలేదు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వాయించినది ఫిడేలే; ఆ మాటలో చిన్నచూపు లేదు. ఈ విషయంలో తెలుగు వాడుక ఐరిష్‌కన్నా ఐస్‌లాండిక్‌కు దగ్గర. అక్కడా జానపదానికీ సింఫనీకీ ఒకటే పేరు.

వయొలిన్ అనే మాటకు తెలుగులో జరిగినదాన్నీ ఐస్‌లాండ్ వైపు నుంచి చూడవచ్చు. వినికిడిని వీలైనంత దగ్గరగా ఉంచుతూ, సంస్కృత ధాతువులతో అర్థం పుట్టించి ‘వాయులీనం’ అన్నారు. ఐస్‌లాండర్లు ఇదే యుక్తితో ‘టెక్నిక్’ ధ్వనికి దగ్గరగా, పనిముట్టును సూచించే తమ మాట నుంచి ‘తైక్ని’ని కల్పించారు, ‘ఎయిడ్స్’ వ్యాధికి, నాశనం చేయడమనే అర్థమున్న ధాతువు నుంచి ‘ఎయిద్ని’ని చేశారు. అంత నేర్పు ఉన్నవారు వయొలిన్ దగ్గర మాత్రం ఆ శ్రమ పడలేదు. వందల ఏళ్ల కిందటే అరువు తెచ్చుకుని, తమదే అనుకుంటున్న మాట ఒకటి అప్పటికే వాళ్ల దగ్గర ఉంది.